వేరు మెడ

కంబాలకొండ గేటు దగ్గర
ఆదివారం పొద్దున్న ఆరుంబావుకి
పద్నాలుగు మందిమి.
పదమూడు మందికి ఇరవై దాటలేదు,
నాకు అరవై మూడు.

"ఈ వయసులో అడవులేటి మీకు?" అంటూనే
మా ఆవిడ డబ్బాలో ఉప్మా సర్దింది.
ఏటి చెప్పను?
పోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు క్రేను నడిపాను.
ఓడ కడుపులోకి దించిన ఇనపరాయికి లెక్కుంది.
గాలికి లేచి
వన్‌టౌన్ దండేల మీది తెల్లచీరల్లోకి దిగిన ధూళి
ఏ రిజిస్టర్లోనూ లేదు.

నేర్పించే అమ్మాయి కొర్రా సుమిత్ర,
పాడేరు అవతలి ఊరు.
కత్తి ఇవ్వలేదు, కరపత్రం ఇవ్వలేదు.
తలో కాగితమ్ముక్క ఇచ్చి
"పావుగంట కదలకుండా కూర్చోండి.
విన్నది రాయండి" అంది.

రాతి మీద నా పక్కన నిషాత్, కోటవీధి పిల్ల,
తలెత్తకుండా రాస్తోంది.
నా కాగితం మీద:
లారీ.
లారీ.
విమానం.
మళ్లీ లారీ.
అక్కడితో సరి.
సన్నటి శబ్దాలన్నిటినీ
క్రేను కేబిన్ ఎప్పుడో మినహాయించుకుంది,
జీతంలోంచి పీఎఫ్ కోసినట్టు,
నన్ను అడక్కుండానే.

పరీక్షలో కాపీ కొట్టేవాడిలా
నిషాత్ కాగితంలోకి తొంగిచూశాను.
"రెండు గులకరాళ్లు ఒరుసుకున్నట్టు ఒకటి.
ఎవరో ఈల నేర్చుకుంటున్నట్టు ఇంకొకటి.
పేరు తెలీదు. పేరు తెలీదు."

నా నాలుగు ముక్కలు చదివి
సుమిత్ర నవ్వలేదు.
"సరిగ్గానే విన్నారు తాతగారూ,
జింకలు కూడా రోజంతా వినేది ఇదే."

ఆ తర్వాత పులికంప.
ఒకే గుత్తిలో పసుపూ గులాబీ,
ఎవరికైనా ముద్దొస్తుంది.
కింద గడ్డిపరక లేదు.
"పైపైన నరికితే పదింతలై లేస్తుంది.
వేరుకి మెడ ఉంటుంది, ఇదిగో, ఇక్కడ.
దాని కిందకి కొట్టండి.
పీకింది తలకిందులుగా వేలాడదియ్యండి,
నేల తగిలిందా, మళ్లీ బతుకుతుంది."

ఆషాఢపు వానకి మట్టి మెత్తగా ఉంది.
మోకాళ్ల మీద కూర్చుని
వేళ్లతో మెడ వెతికాను.
బరువుని ఎక్కడ పట్టుకుంటే లేస్తుందో
నా చేతులకి తెలుసు.
ఆ ఒక్క విద్యా నాతోపాటు రిటైర్ కాలేదు.
ఎండెక్కేసరికి పదకొండు పొదలు.
కుర్రాళ్లు లెక్కపెట్టి ఈలలేశారట,
నిషాత్ చెప్పింది.

పన్నెండోది.
గునపం ఎత్తాను.
కొక్కెం దించేముందు
కింద మనిషున్నాడేమో చూసుకోవడం పాత అలవాటు.
కొమ్మలు పక్కకి తీశాను.

టీ కప్పంత గూడు.
మూడు నోళ్లు
ఎర్రగా, వెడల్పుగా, ఆకాశం మీదికి.

"అరుస్తున్నాయా?"
"గట్టిగా అరుస్తున్నాయి తాతయ్యా."

సుమిత్ర సంచిలోంచి ఎర్రగుడ్డ తీసి
కొమ్మకి కట్టింది.
"పిగిలిపిట్ట. పదిహేను రోజులు ఆగుదాం."
"పరాయి మొక్క మేడమ్, ఒక్కటీ మిగల్చొద్దన్నారు కదా!"
వెనకనించి ఎవరో.
"అన్నాను.
ఆ పాఠం పిట్టకి ఇంకా చెప్పలేదు."

హనుమంతవాకలో బస్సెక్కేసరికి
అరచేతుల నిండా గీతలు,
జోస్యానికి కొత్తవి.
ఇంట్లో బాల్కనీ పట్టాల మీద వేలు రాశాను.
నల్లగా వచ్చింది.
చాలాసేపు కడుక్కోలేదు.

పదహారో రోజు ఒక్కణ్నే వెళ్లాను.
గూడు ఖాళీ.
ఎగిరాయో, పాము తిన్నదో,
ఖాళీ గూడు రెండిటికీ ఒకేలా ఉంటుంది.
పావుగంట కూర్చున్నాను.
లారీ, లారీ.
అప్పుడు లేచి మెడ కింద కొట్టాను,
పొదని బోర్లించి కొమ్మకి తగిలించాను,
గూడుతో సహా.

రాత్రి చొక్కా జేబు తడుముతూ
"ఈ ఎర్రగుడ్డేటి?" అంది మా ఆవిడ.
పారెయ్యకు అన్నాను.
వచ్చే ఆదివారం కావాలి.